ఒకే పట్టాలపై మూడు సంస్థలు

స్పెయిన్‌లో మాడ్రిడ్, బార్సిలోనా నగరాల మధ్య అతివేగ రైలుమార్గం పొడవు సుమారు 620 కిలోమీటర్లు. 2008లో మార్గం పూర్తయినప్పటి నుండి ప్రభుత్వ సంస్థ రెన్ఫేదే గుత్తాధిపత్యం. 2021లో ఫ్రెంచివారి వీగో, 2022లో ఇటలీ భాగస్వామ్యం గల ఇర్యో ప్రవేశించగా ఛార్జీలు దిగివచ్చినవి. పట్టాలు మాత్రం ప్రభుత్వానివే. వాడుకకు ప్రతి సంస్థా రుసుము చెల్లించవలసిందే.

వీగోవి రెండంతస్తుల పెట్టెలు. ఒక్క రైలులో ఐదువందల పైచిలుకు ఆసనాలుండుటచేత తలకు పడే ఖర్చు తక్కువ. అయితే పెద్దపెట్టెకూ, కోరిన ఆసనానికీ వేరే సొమ్ము. సామానుతో హాస్టలుకు బయలుదేరే విద్యార్థి ఈ లెక్క ముందే చూసుకోవాలి. సుఖం కోరేవారికి ఇర్యోలో భోజనంతో కూడిన పైతరగతి ఉన్నది.

చౌకధర ముందుగా కొన్నవారికే. దుర్వార్త విని మరునాడే ప్రయాణం కావలసినవానికి అది దొరకడం అరుదు. సీట్లు నిండేకొద్దీ ఛార్జీ పెరిగే పద్ధతి మన రాజధాని, శతాబ్ది రైళ్ళకూ 2016లో వచ్చింది. రిజర్వేషను లేని పాసింజరు టిక్కెట్టుకు మాత్రం చివరి నిమిషంలో కొన్నా అదే వెల.