గడప దగ్గరే అసలు ఖర్చు
సింహద్వారం మార్చాలనుకునేవారి లెక్క తలుపు ధరతో మొదలవుతుంది. బిల్లు మాత్రం గోడ దగ్గర పెరుగుతుంది

మొదట కనిపించేది సన్నటి మట్టి గీత. గడప మూల నుంచి ద్వారబంధం వెంట పెన్సిలంత మందాన పైకి పాకుతుంది. ఇంట్లోవాళ్లు చీపురుతో దులిపేస్తారు. కొన్నాళ్లకు మళ్లీ వస్తుంది. వానాకాలంలో తలుపు బిగుసుకుపోతే చెక్క ఉబ్బిందని సరిపెట్టుకుంటారు. చివరికి ఒకరోజు పై బందు మరలతో సహా ఊడివస్తుంది. టేకు అనుకున్న చెక్క లోపల పొరలు పొరలుగా, పాత కాగితాల కట్టలా ఉంటుంది. హైదరాబాద్ కాలనీలోనైనా, విజయవాడ అపార్ట్‌మెంట్‌లోనైనా, ఇరవై పాతికేళ్ల కిందట కట్టిన ఇళ్లలో ఇది కొత్త కథేమీ కాదు.

అప్పుడు ఇంటి యజమాని నేరుగా దుకాణానికి వెళ్లి తలుపు ధర అడుగుతారు. లెక్క తప్పేది సరిగ్గా అక్కడే. తలుపు మార్చడం వేరు, ద్వారబంధం మార్చడం వేరు. మొదటిది వడ్రంగికి ఒక రోజు పని. పాత రెక్క విప్పి, కొత్తదాన్ని చిత్రిక పట్టి, బందులు బిగిస్తే సరిపోతుంది. రెండోది గోడకు చేసే శస్త్రచికిత్స.

కారణం ఇల్లు కట్టే తీరులోనే ఉంది. మన దగ్గర ద్వారబంధాన్ని ముహూర్తం చూసి, పూజ చేసి ముందే నిలబెడతారు. దాని చుట్టూ గోడ లేస్తుంది. చెక్కకు బిగించిన ఇనుప పట్టీలు ఇటుకల మధ్య సిమెంటులో కూరుకుపోతాయి. ఆపైన ప్లాస్టరింగ్ అంచులను కప్పేస్తుంది. గడప పక్కకు ఫ్లోరింగ్ రాళ్లు వచ్చి చేరతాయి. ఇప్పుడు దాన్ని ఊడదీయాలంటే రెండు వైపులా జానెడు మేర గోడ చెక్కాలి, కింద రాళ్లు లేపాలి. పాతికేళ్ల నాటి టైలుకు జత ఇప్పుడు బజారులో దొరకదు. పక్కనే ఉన్న కాలింగ్ బెల్ వైరు, స్విచ్ బోర్డు కూడా కదలవచ్చు. మేస్త్రీ పని ముగిశాక మాసికలు కనిపించకుండా ఉండాలంటే హాలు మొత్తానికి రంగు వేయక తప్పదు.

ఇక కలప లెక్క. ఏడడుగుల ఎత్తు, మూడున్నర అడుగుల వెడల్పుతో, అయిదంగుళాలకు నాలుగంగుళాల చెక్కతో గడపతో సహా ద్వారబంధం చేయిస్తే దాదాపు 3 ఘనపుటడుగుల కలప పడుతుంది. ఒకటిన్నర అంగుళం మందం తలుపుకు మరో రెండున్నర. కోతలో, చిత్రికలో పోయేది కూడా కలిపితే మొత్తం ఏడుకు దగ్గరవుతుంది. అడితిలో ఘనపుటడుగు టేకు రూ. 3,500 చెప్పారనుకుంటే కలపకే రూ. 24,500. దానిపై 18 శాతం జీఎస్టీ కలిపితే దాదాపు రూ. 29,000. రకాన్ని బట్టి ఆ ధర రెట్టింపు కావచ్చు, సగానికీ తగ్గవచ్చు. వడ్రంగి కూలి, మేస్త్రీ కూలి, బందులు, తాళం, పాలిష్, రాళ్లు, రంగు, చెత్త తరలింపు అన్నీ దీనికి అదనం. ఇవన్నీ చేరితే కలప ఖరీదుతో సమానంగా మరో మొత్తం సిద్ధం చేసుకోవడం మంచిది.

టేకు ఇంత ప్రియం కావడానికి అడవిలో, కోర్టులో, సరిహద్దు అవతల జరిగిన పరిణామాలూ కారణమే. కేంద్రం ఆమోదించిన కార్యప్రణాళిక లేకుండా అడవుల్లో చెట్లు నరకరాదని గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు 1996 డిసెంబర్ 12న ఆదేశించింది. ఆ తర్వాత భారత వ్యాపారులు ఎక్కువగా ఆధారపడిన మయన్మార్ 2014 ఏప్రిల్ 1 నుంచి దుంగల ఎగుమతిని నిషేధించింది. ఆ ఖాళీని ఆఫ్రికా, లాటిన్ అమెరికా తోటల టేకు చాలావరకు భర్తీ చేసింది. స్వదేశీ టేకుకు ఆదరణ మాత్రం తగ్గలేదు. 2024 జనవరిలో ప్రారంభమైన అయోధ్య రామాలయం తలుపులకు మహారాష్ట్రలోని బల్లార్షా, చంద్రపూర్ ప్రాంతపు టేకునే వాడారు.

టేకు అనగానే చెదలు పట్టవన్న నమ్మకం ఒకటుంది. అది సగమే నిజం. చెదలను తట్టుకునేది ముదురు రంగు చేవ మాత్రమే. దాని చుట్టూ ఉండే పాలిపోయిన లేత భాగానికి ఆ గుణం లేదు. చిన్న వయసులో కొట్టిన చెట్టులో ఆ లేత భాగమే ఎక్కువ. పాలిష్ వేశాక రెండింటికీ తేడా తెలియదు. కాబట్టి కలపను పాలిష్‌కు ముందే, వీలైతే కోత సమయంలోనే, పగటి వెలుతురులో చూసుకోవాలి. తాతల నాటి ఇళ్లలో టేకే కాదు, వేగిస, నల్లమద్ది, వేప ద్వారబంధాలూ కనిపిస్తాయి. ముదురు చెట్టు, బాగా ఆరిన చేవ కలప అన్నదే అప్పటి కొలమానం.

ప్రత్యామ్నాయాలు లేకపోలేదు. కింద అడుగు మేరకే పాడైతే అంతవరకు కోసి, మంచి చెక్కతో అతుకు వేయవచ్చు. ఖర్చు బాగా తగ్గుతుంది. ఉక్కు తలుపులు ఫ్రేముతో కలిసి సిద్ధంగా వస్తాయి. వాటిని చెదలు తినలేవు. అయితే పాత ఇంటి కొలతలకు అవి సరిగ్గా సరిపోకపోతే మళ్లీ గోడ పనే. పైన టేకు పొర వేసిన ఫ్లష్ తలుపు చౌకే కానీ, ఎండావానా నేరుగా తగిలే గుమ్మానికి అంత అనువు కాదు.

ఏది ఎంచుకున్నా, చెదల మందు వేయించకుండా కొత్త చెక్క నిలబెట్టడం డబ్బు మట్టిలో పోయడమే. చెదల పుట్ట చెక్కలో ఉండదు, నేలలో ఉంటుంది. కట్టిన ఇళ్లకు ఈ మందు ఎలా వేయాలో భారతీయ ప్రమాణం ఐఎస్ 6313 మూడో భాగం చెబుతుంది. గోడ, నేల కలిసే చోట రంధ్రాలు చేసి మందు ఎక్కించాలి. ద్వారబంధం ఊడదీసిన రోజే అందుకు అనువైన సమయం.

బీమా ఆదుకుంటుందా అన్నది మరో ప్రశ్న. 2021 ఏప్రిల్‌లో వచ్చిన భారత్ గృహ రక్ష పాలసీ వరద, తుఫాను నష్టాలకు వర్తిస్తుంది. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు ముంపులాంటి విపత్తులో నానిపోయిన తలుపుకు దాని కింద పరిహారం కోరవచ్చు. ఏళ్ల తరబడి మెల్లగా జరిగే పాడుకు అలాంటి రక్షణ లేదు. చెదలు తినేది అలాగే కదా.

పని మొదలైన రాత్రి గుమ్మానికి తలుపు ఉండకపోవచ్చన్నది చాలామందికి ముందుగా తట్టని విషయం. సిమెంటు గట్టిపడేదాకా బరువైన రెక్కను వేలాడదీయకూడదు. ఆ కొద్ది రోజులకు తాత్కాలిక తలుపో, గ్రిల్లో ఏర్పాటు చేసుకోవాలి. శూన్యమాసంలో సింహద్వారం కదపకూడదనే ఇళ్లలో ఆ పట్టింపునూ లెక్కలో ఉంచుకోవాలి. అలాగని ముహూర్తం కోసం నెలల తరబడి ఆగితే చెదలు ఆగవు.

ఇంట్లో అన్నిటికన్నా ఎక్కువగా కడిగేది గడపనే. పసుపు రాసి, బొట్లు పెట్టే ఆ చెక్కకే అందరికన్నా ముందు తడి తగులుతుంది. అందుకే పాడు సాధారణంగా అక్కడి నుంచే మొదలవుతుంది. కడిగిన వెంటనే పొడిగుడ్డతో తుడిచి, ఏడాదికోసారి మూలల్లో స్క్రూడ్రైవర్‌తో తట్టి చూడటానికి ఖర్చేమీ లేదు. డొల్ల శబ్దం వస్తే మాత్రం తలుపుల దుకాణానికి కాదు, ముందు మేస్త్రీ దగ్గరికి వెళ్లాలి.