టర్న్‌టేబుల్ స్లో అయిందనుకున్నా.. తీరా చూస్తే సంగతి వేరే!

ఆరు నెలలు డబ్బులు దాచుకుని బెల్ట్ డ్రైవ్ టర్న్‌టేబుల్ కొన్నాను. నా కలెక్షన్‌లో నాలుగో రికార్డు డేవిడ్ బోవీ 'పిన్ అప్స్'. సెకండ్ హ్యాండ్‌లో 2,400 రూపాయలు. సైడ్ వన్ చివర్లో 'ఐ కాంట్ ఎక్స్‌ప్లెయిన్' వచ్చేసరికి పాట ఈడుస్తున్నట్టు అనిపించింది. పక్కనే ఉన్న నాన్న, "ఇన్ని డబ్బులు పోసింది దీనికేనా?" అన్నారు. నా దగ్గర సమాధానం లేదు.

ముందు మెషీన్ మీదే డౌట్

బెల్ట్ సాగిందేమో అనుకుని, ఫోన్‌లో ఆర్‌పీఎం యాప్ ఆన్ చేసి ప్లాటర్ మీద పెట్టాను. 33.3 చూపించింది, పర్ఫెక్ట్. స్టైలస్ బ్రష్‌తో క్లీన్ చేశా. ట్రాకింగ్ ఫోర్స్ చెక్ చేస్తే 2 గ్రాములు, కరెక్టే. కొత్త స్టైలస్ కార్ట్‌లో కూడా వేసేశా. ఆర్డర్ కొట్టే ముందు ఎందుకో అదే పాటను స్ట్రీమింగ్‌లో విన్నాను. అక్కడా అంతే స్లో! 1965లో 'ది హూ' బ్యాండ్ పరుగులు పెట్టించిన పాటను బోవీ కావాలనే నెమ్మదిగా పాడాడు.

పేపర్ మీద స్పెక్స్ అదుర్స్

1973లో వచ్చిన ఈ ఆల్బమ్ మొత్తం కవర్ పాటలే. 1960లలో లండన్‌లో తాను ఇష్టపడ్డ పాటల్ని బోవీ మళ్లీ పాడాడు. గిటార్ మిక్ రాన్సన్. కవర్ మీద బోవీ పక్కన మోడల్ ట్విగ్గీ. బ్రిటన్ చార్టులో నంబర్ వన్ కూడా అయింది. రెండు సైడ్లూ కలిపి దాదాపు 33 నిమిషాలే కాబట్టి గ్రూవ్‌లు ఇరుక్కోవాల్సిన పని లేదు. వినైల్‌కి ఇది పెద్ద ప్లస్.

మరి తేడా ఎక్కడ?

నాకైతే పాటల ఎంపికలో కాదు, పాడిన తీరులో తేడా కొట్టింది. 'ది హూ' పాటలో కుర్రాడికి మనసులో మాట చెప్పడం రాదు. ఆ తడబాటు, ఆ తొందరే ఆ పాటకు ప్రాణం. బోవీ వెర్షన్‌లో శాక్సఫోన్ ఉంది, స్టైల్ ఉంది, తొందర మాత్రం లేదు. మన సినిమాల్లో పాత హిట్‌ని రీమిక్స్ చేసినప్పుడు బీట్ వచ్చి భావం పోతుంది చూడండి, అలాగన్నమాట.

డౌట్ తీరక 1972 నాటి 'జిగ్గీ స్టార్‌డస్ట్' పెట్టాను. అదే మెషీన్, అదే సింగర్, అదే గిటారిస్టు. గది నిండిపోయింది. నాన్న పేపర్ పక్కన పెట్టి, "ఇది బాగుంది" అన్నారు.

ఫైనల్‌గా..

'పిన్ అప్స్' అమ్మెయ్యలేదు. సైడ్ టూలోని 'సారో' కోసం ఉంచుకున్నాను. ఆ ఒక్క పాటలో బోవీ నిజంగా కనిపిస్తాడు. మీకు నేనిచ్చే సలహా ఒకటే: వినైల్ కొనేముందు ఆల్బమ్ మొత్తం ఒకసారి స్ట్రీమింగ్‌లో వినండి. పాటలో లేని ప్రాణాన్ని ఏ స్టైలస్సూ తీసుకురాలేదు.