తుపాను రాత్రికి పనికొచ్చే రేడియో ఏది?

అవనిగడ్డ: ఆకాశం మబ్బు పట్టగానే ఇప్పుడు అందరి చూపూ సెల్‌ఫోను వైపే మళ్లుతోంది. వాయుగుండం ఎక్కడుందో, ఏ తీరం వైపు కదులుతోందో క్షణాల్లో తెలిసిపోతోంది. టీవీ చానెళ్లు పొద్దస్తమానం అదే చెబుతున్నాయి. అయితే ఈ సౌకర్యమంతా గాలి ముదరనంతవరకే. స్తంభాలు ఒరిగి కరెంటు పోతే ముందు టీవీ మూగబోతుంది. ఆ తర్వాత కొన్ని గంటలకు సెల్ టవర్ల బ్యాటరీలూ అయిపోతాయి. ఇల్లు విడిచి తుపాను షెల్టరుకు వెళ్లాలా, ఉన్నచోటే తలదాచుకోవాలా అని కుటుంబం తేల్చుకోవలసింది సరిగ్గా ఆ గంటల్లోనే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తాకినప్పుడు విశాఖపట్నం వంటి మహానగరంలోనే విద్యుత్తు, ఫోన్లు రోజుల తరబడి స్తంభించాయి. ఇక లంక గ్రామాల సంగతి చెప్పనక్కర్లేదు.

1977 నవంబరు 19 నాటి ఉప్పెన దివిసీమను ముంచెత్తినప్పుడు అధికారిక లెక్కల ప్రకారమే సుమారు పదివేల మంది ప్రాణాలు కోల్పోయారు. హైదరాబాదులో దూరదర్శన్ ప్రసారాలు మొదలై అప్పటికి నెల కూడా కాలేదు. పల్లెకు వేగంగా కబురు చేర్చే సాధనం రేడియోయే. అదీ ఊరికి ఏ నాలుగైదు ఇళ్లలోనో ఉండేది. నేడు కొద్దిపాటి ఖర్చుతో సెట్టు కొనగల స్థితిలో ఉండి కూడా చాలా ఇళ్లలో అది లేకుండా పోవడం విచిత్రం.

విదేశీ సెట్లతో చిక్కు

అమెరికాలో ఉంటున్న పిల్లలు సెలవులకు వస్తూ తల్లిదండ్రుల కోసం అక్కడి ‘వెదర్ రేడియో’ తీసుకురావడం కొన్ని ఇళ్లలో కనిపిస్తోంది. అక్కడ అది అక్కరకొచ్చే వస్తువే. ఆ దేశపు వాతావరణ సంస్థ 162.400 నుంచి 162.550 మెగాహెర్ట్జ్ మధ్య ఏడు చానెళ్లపై రేయింబవళ్లు వాతావరణ సమాచారం ప్రసారం చేస్తుంది. ప్రమాదం ముంచుకొస్తే నిద్రాణంగా ఉన్న సెట్టు దానంతటదే మేల్కొని సైరన్ మోగిస్తుంది. మన దేశంలో ఇళ్ల కోసం అటువంటి ప్రసారం లేదు. 1980లలో ఇన్‌శాట్ ఉపగ్రహం సాయంతో దాదాపు ఇదే తరహా వ్యవస్థను తీర జిల్లాల్లో నెలకొల్పినా, ఆ యంత్రాలు కార్యాలయాలకే పరిమితమయ్యాయి. కనుక విదేశీ సెట్టులోని వాతావరణ మీట ఇక్కడ ఎంత నొక్కినా వినిపించేది బుసబుస చప్పుడే.

దానిలోని మామూలు రేడియోనైనా వాడుకోవచ్చు కదా అంటే అక్కడా ఒక మెలిక ఉంది. మన మీడియం వేవ్ కేంద్రాల ఫ్రీక్వెన్సీలన్నీ తొమ్మిదితో భాగించబడే అంకెలు. విజయవాడ కేంద్రం దశాబ్దాలుగా వినిపించిన 837, విశాఖ కేంద్రపు 927 కిలోహెర్ట్జ్ అలాంటివే. అమెరికా కోసం తయారైన డిజిటల్ సెట్లు పదేసి కిలోహెర్ట్జ్ చొప్పున జరుగుతాయి. 830 తర్వాత 840కి దూకే సెట్టుకు 837 సూటిగా చిక్కదు. కొన్నింటిలో తొమ్మిదికి మార్చుకునే ఏర్పాటు ఉంటుంది, అది ఉంటేనే ఆ సెట్టుపై ఆశ పెట్టుకోవాలి. ముల్లు తిప్పే పాత పద్ధతి సెట్టుకు ఈ బాధ లేదు.

మీడియం వేవ్ ఉందా?

దుకాణాల్లో రేడియో అడిగితే ముందుగా చేతికిచ్చేది పెన్‌డ్రైవ్, మెమరీ కార్డు పెట్టుకుని పాటలు వినే పెట్టె. వాటిలో అనేకం ఎఫ్ఎం మాత్రమే పట్టుకుంటాయి. పాటలకు ఎఫ్ఎం ఎంత తీయగా ఉన్నా, దాని తరంగాలు చూపు మేర సాగినట్లు సాగుతాయి. ప్రసార స్తంభం ఎత్తును బట్టి యాభై, అరవై కిలోమీటర్లు దాటితే పట్టు తప్పుతుంది. మీడియం వేవ్ తరంగం నేలను అంటిపెట్టుకుని అంతకు ఎన్నో రెట్లు వెళుతుంది. దగ్గరి కేంద్రం గాలికి మూగబోయినా దూరపు కేంద్రం వినిపించే అవకాశం దీనిలోనే ఉంది. అందుకే కొనేటప్పుడు సెట్టుపై ఎఫ్ఎంతోపాటు ‘ఎండబ్ల్యూ’ లేదా ‘ఏఎం’ అన్న అక్షరాలు ఉన్నాయో లేదో చూడాలి. తీరవాసికి ఈ రెండూ కావలసిందే. కొన్నేళ్లుగా దేశంలో పలుచోట్ల పాత మీడియం వేవ్ ట్రాన్స్‌మిటర్లను ఆపివేస్తున్నారు. కాబట్టి తమ ఊరికి ఏ కేంద్రం, ఏ బ్యాండుపై అందుతోందో ఎవరికి వారు విని నిర్ధారించుకోవడం అవసరం.

దుకాణంలో బాగా పలికిన సెట్టు ఇంట్లో పలకకపోవచ్చు. కాంక్రీటు స్లాబు కింద మీడియం వేవ్ బలహీనపడుతుంది. చౌకరకం ఎల్ఈడీ బల్బులు, ఇన్వర్టర్లు, ఫోను చార్జర్లు గరగర చప్పుడు పుట్టిస్తాయి. ఇంటికి తెచ్చిన రోజే పగలు ఒకసారి, రాత్రి ఒకసారి కిటికీ పక్కన పెట్టి వినాలి. మీడియం వేవ్ ఏరియల్ సెట్టు లోపలే కడ్డీ రూపంలో ఉంటుంది. కనుక పైకి లాగే గొట్టాన్ని ఎంత పొడవు చేసినా ఆ బ్యాండుకు ఒరిగేదేమీ లేదు, సెట్టునే అటూ ఇటూ తిప్పి చూడాలి. గొట్టం ఎఫ్ఎం కోసం. రాత్రివేళ దూరదేశపు కేంద్రాలు వచ్చిపడి మన కేంద్రం స్వరం తేలిపోతూ మునిగిపోతూ ఉంటే సెట్టు చెడిపోయిందని కంగారు పడనక్కర్లేదు, మీడియం వేవ్ స్వభావమే అంత. ఇల్లంతా వెతికి వాన జల్లు పడని, బాగా వినిపించే మూలను ముందే గుర్తు పెట్టుకోవాలి. నచ్చకపోతే మార్చి ఇచ్చే దుకాణంలో కొనడం అందుకే మేలు.

సెల్లుదే కీలకం

లోపల బిగించి ఉండే చార్జింగ్ బ్యాటరీ సెట్లు చూడ ముచ్చటగా ఉంటాయి. అయితే బీరువాలో ఏడాదిపాటు పడి ఉన్న బ్యాటరీ తుపాను నాటికి పనిచేస్తుందన్న భరోసా లేదు. పైన సౌర పలక ఉందని మురిసిపోవడమూ అంతే, మూడు రోజులు సూర్యుడే కనిపించనప్పుడు అది చేసేదేముంటుంది! చేతితో తిప్పే మర ఉన్న సెట్టు కొంత నయం. నిమిషంపాటు తిప్పితే తక్కువ ధ్వనితో కొద్ది నిమిషాలు పలుకుతుంది, ఒక బులెటిన్ వినడానికి సరిపోతుంది. అన్నింటికంటే నమ్మకమైనది పల్లెటూరి కిరాణా కొట్టులో సైతం దొరికే మామూలు సెల్లుతో నడిచే సెట్టే. టార్చిలైటుకు, రేడియోకు ఒకే సైజు సెల్లు ఉండేలా చూసుకుంటే ఒకదానివి మరొకదానికి పనికొస్తాయి. కరెంటుతోనూ, సెల్లుతోనూ నడిచేదైతే రోజూ కరెంటు మీద వింటూ సెల్లు పొదుపు చేయవచ్చు.

వినడమూ ఒక పనే

ప్రమాదం వస్తే ఫోన్లన్నింటినీ ఒక్కసారిగా మోగించే విధానాన్ని ప్రభుత్వం 2023లో పరీక్షించింది. దానికీ టవరు నిలిచి ఉండాలి. ఇంట్లోని రేడియో తనంతట తాను లేపదు. తుపాను దగ్గరపడిన రాత్రి ఇంట్లో ఒకరి తర్వాత ఒకరు వంతులవారీగా మేలుకుని ఆకాశవాణి ప్రత్యేక బులెటిన్లు వినవలసి ఉంటుంది. వినిన వెంటనే మూడు విషయాలు కాగితంపై రాసుకోవాలి: తుపాను తీరానికి ఎంత దూరంలో ఉంది, గంటకు ఎన్ని కిలోమీటర్ల చొప్పున కదులుతోంది, ఉప్పెన ఎన్ని మీటర్లు లేస్తుందంటున్నారు. 150 కిలోమీటర్ల దూరంలో ఉండి గంటకు 15 కిలోమీటర్లు కదులుతుంటే తీరం దాటడానికి పది గంటలు. ఈదురుగాలి, వాన అంతకు ఎంతో ముందే వచ్చి పడతాయి గనుక పిల్లలను, వృద్ధులను షెల్టరుకు చేర్చే వ్యవధి పది గంటలు కాదు, అందులో సగమో ఇంకా తక్కువో. కదులుతున్న వేగం వేరు, వీచే గాలి వేగం వేరు. ఈ రెండింటినీ కలగాపులగం చేసి తుపాను నెమ్మదించిందని సంబరపడటం తరచూ జరిగే పొరపాటు.

మరో పొరపాటు ప్రాణాంతకమైనది. తుపాను కన్ను ఊరి మీదుగా సాగేటప్పుడు గాలి ఒక్కసారిగా నిలిచిపోతుంది. హుద్‌హుద్ సమయంలో విశాఖ వాసులు దీన్ని కళ్లారా చూశారు. గండం గడిచిందనుకుని పశువులను చూసుకోవడానికో, ఎగిరిపోయిన రేకులు ఏరుకోవడానికో బయటకు వచ్చేవారిపై కాసేపటికే గాలి ఎదురు దిక్కు నుంచి విరుచుకుపడుతుంది. బయటి నిశ్శబ్దాన్ని బట్టి తుపాను వెళ్లిందో లేదో తెలియదు. బులెటిన్ చెప్పాలి. ఆ వేళ సెట్టు కట్టేసి ఉంచితే అంత జాగ్రత్తగా కొన్నదీ వృథాయే.

తీరానికి తుపాన్ల తాకిడి వేసవి చివర ఒకసారి, అక్టోబరు నుంచి డిసెంబరు వరకు మరోసారి ఉంటుంది. ఈ మధ్యకాలంలో సెట్టులోని సెల్లు తీసి విడిగా ఉంచాలి, లేకుంటే రసం కారి లోపలి తీగలను తినేస్తుంది. సీజను మొదట్లో కొత్త సెల్లు వేసి, ఒక జత అదనంగా కలిపి, సెట్టును మందపాటి పాలిథిన్ సంచిలో చుట్టి, చీకట్లో తడిమినా చేతికందే చోట పెట్టుకోవాలి. కేంద్రం దొరికేచోట ముల్లు కింద గోళ్లరంగుతో చిన్న చుక్క పెట్టుకుంటే కళ్లు సరిగా కనిపించని పెద్దవారికి కూడా వెతుక్కునే శ్రమ తప్పుతుంది.