ప్రశ్నవాక్యమున అవగ్రహము : పాఠరక్షణ విచారము

తాళపత్ర గ్రంథముల సూచికలు కంప్యూటరున చేరిన పిదప గ్రంథనామమును వెదకుట యనగా యంత్రమునకు ఒక ప్రశ్నవాక్యము నిచ్చుటయే. ఈ వాక్యము సాధారణముగా ఎస్.క్యూ.ఎల్. అను భాషలో నుండును. దీనికి 1986లో అమెరికా జాతీయ ప్రమాణసంస్థయు, 1987లో అంతర్జాతీయ ప్రమాణసంస్థయు ప్రామాణ్యము కల్పించినవి. వెదకిన పేరు దొరకనిచో ఆ ప్రతి లేదని పరిశోధకుడు తలచును. అయితే లోపము ప్రశ్నలోని ఒక్క చిహ్నముననే ఉండవచ్చును.

శబ్దము ఒకప్పుడు అర్థమును, ఒకప్పుడు తన రూపమునే తెలుపును. వ్యాకరణశాస్త్రమున సంజ్ఞ కాని శబ్దము స్వరూపమునే గ్రహింపజేయునని పాణిని అష్టాధ్యాయి 1.1.68 సూత్రమున విధించెను. పరుల మాట ముగిసినదని తెలుపుటకు సంస్కృతమున 'ఇతి', తెలుగున 'అని' కలవు. ఎస్.క్యూ.ఎల్. భాషలో ఆ పని ఒంటి కొటేషన్ గుర్తులది. వాని నడుమ నున్నది విలువ. వెలుపల నున్నది ఆజ్ఞ.

చిక్కు ఇచ్చటనే కలుగుచున్నది. రోమన్ లిప్యంతరీకరణమున అవగ్రహమునకు బదులు ఈ గుర్తునే వ్రాయుదురు. తెలుగు అవగ్రహమునకు యూనికోడున స్థానము లభించినది 2008లో వెలువడిన 5.1 కూర్పుననే. 'రామోఽపి' అను రూపమును ఆ పద్ధతిలో 'రామో 'పి' అని ప్రశ్నలో నుంచినచో, యంత్రము 'రామో' యొద్దనే విలువ ముగిసినదని గ్రహించి, మిగిలిన దానిని ఆజ్ఞగా చదువబోయి దోషమని తెలుపును. లోపలి గుర్తును రెండుమార్లు వ్రాయుట ప్రమాణవిధి: 'రామో ''పి'. అప్పుడు విలువలో నొక్క గుర్తే నిలుచును.

ఈ ద్విత్వము ప్రశ్నవాక్యమునకే చెందినది, గ్రంథపాఠమునకు కాదు. చిక్కు తొలగుటకై గుర్తునే తీసివేసినచో అవగ్రహము లోపించును. ఒకమారు ద్విత్వము చేసిన దానిని మరల చేసినచో సూచికలో రెండు గుర్తులు నిలిచి, తరువాతి వారికి పాఠభేదమను భ్రాంతి కలిగించును. లేఖకదోషమును గుర్తించుటకు మాతృక కలదు; ఇట్టి దోషమునకు మాతృకలో జాడయే ఉండదు.

ఇంతకన్న మేలైన మార్గము విలువను వాక్యమున కలుపకుండుట. వాక్యమున విలువ ఉండవలసిన చోట ప్రశ్నార్థక చిహ్నము మాత్రముంచి, విలువను వేరుగా పంపవలెను. అప్పుడు విలువలో నేమున్నను ఆజ్ఞగా పరిగణింపబడదు. దురుద్దేశముతో విలువలో ఆజ్ఞను చొప్పించి సూచికనే తుడిచివేయు ప్రమాదమును కూడ ఇది నివారించును.

అయినను 'లైక్' అను సామ్యపదముతో వెదకునపుడు మరియొక జాగ్రత్త అవసరము. అచ్చట శాతపు గుర్తు (%) ఎన్ని వర్ణసంకేతములకైనను, అడుగుగీత (_) ఏదైన నొక్క సంకేతమునకును నిలుచును. 'తె_12' అను ప్రతిసంఖ్యను వెదకినచో 'తె-12', 'తె/12' అనునవియు వచ్చును. విలువను వేరుగా పంపినను ఈ దోషము పోదు. 'తె!_12' అని వ్రాసి, '!' రక్షకచిహ్నమని 'ఎస్కేప్' పదముతో ప్రకటింపవలెను. తెలుగున 'క్ష' కంటికి ఒక అక్షరమైనను యూనికోడున క, విరామము, ష అని మూడు సంకేతములు. కావున దానికి ఒక్క అడుగుగీత చాలదు.

కావున రక్షణచిహ్నములు ప్రశ్నయందే ముగియవలెను. సూచికయందు మాత్రము మాతృకలోని పాఠమే, దాని అవగ్రహముతో సహా, యథాతథముగా నిలువవలెను.