వెల్డర్, ఫాబ్రికేటర్, హెల్పర్

గుమ్మడిదల, బొంతపల్లి షెడ్లలో ఇనుము పని చేసే ప్రతివాణ్ణీ 'వెల్డింగాయన' అనేస్తారు. చాలాకాలం మేమూ అట్లే అన్నాం. కానీ అదంతా ఒక పని కాదు.

డ్రాయింగు చదివి, ప్లేటు మీద కొలతలు గీసి, కోసి, మూలమట్టం చూసి, ముక్కల్ని టాక్ వేసి నిలబెట్టేవాడు ఫాబ్రికేటర్. ఆ జాయింటును కరిగించి నింపేవాడు వెల్డర్. చిన్న షెడ్డులో రెండూ ఒకడే చేస్తాడనుకోండి. మందుల కంపెనీల స్టెయిన్‌లెస్ స్టీలు పైపులకు ఆర్గాన్ వెల్డింగు కావాలి. గేట్లు అతికి అలవాటైన చేయి ఒక్కటే చాలదు. భాగాల్ని సరిచేసి అమర్చేది ఫిట్టర్. లేతు మీద చెక్కేది టర్నర్. కమ్మరి వీళ్లెవరూ కాదు, ఇనుమును ఎర్రగా కాల్చి సుత్తితో మలుస్తాడు. ఆ పేరు అతనికి కులంతోనే వచ్చింది.

ఈ కొత్త పేర్లు కాగితంతో వస్తాయి. ఐటిఐలో వెల్డర్ కోర్సు ఏడాది, ఎనిమిదో తరగతి చాలు. ఫిట్టర్‌కు రెండేళ్లు, పది పాసవ్వాలె. మా వాడల్లో ఆ రెండు తరగతుల దూరం చిన్నదేం కాదు.

కాగితం లేనివాడు హెల్పర్. గ్రైండింగు పడతాడు, స్లాగు కొడతాడు, ప్లేటు పట్టుకుంటాడు. మేస్త్రీ టీకి పోతే రాడ్డు తనే అందుకుని జాయింటు పూర్తిచేస్తాడు. రాత్రికి కళ్లల్లో ఇసుక పోసినట్టు మంట, ఎందుకంటే నల్లద్దం మేస్త్రీ దగ్గరే ఉంటుంది. ఏళ్లు గడిచినా మస్టర్‌లో హెల్పరే, కూలీ నైపుణ్యం లేనివాడి కూలీయే. వేరేచోట పనడిగితే చూపడానికి అనుభవ పత్రం ఉండదు.

అందుకే సర్వేకు పోయే మిత్రులు 'ఏం పని చేస్తవ్' అని ఆగొద్దు. మస్టర్‌లో ఏమని రాశారో కూడా అడగండి.