పాత్ర బుద్ధి – నటుని బుద్ధి: పిట్టలదొర వేషం ఆధారంగా ఒక పరిశీలన

ఉపోద్ఘాతం:
భరతుని నాట్యశాస్త్రం పాత్రధారణను మూడు విధాలుగా పేర్కొన్నది. తమ వయస్సుకు తగిన పాత్రను స్త్రీ స్త్రీగా, పురుషుడు పురుషునిగా ధరిస్తే అనురూపం. బాలుడు వృద్ధునిగా, వృద్ధుడు బాలునిగా నటిస్తే విరూపం. పురుషుడు స్త్రీపాత్రను ధరిస్తే రూపానురూపం. ఈ విభజనకు వయస్సు, లింగభేదం ప్రాతిపదికలు. పాత్రకూ నటునికీ బుద్ధిలో, లోకజ్ఞతలో అంతరం ఉన్నప్పుడు ఆ అంతరాన్ని పూరించేది ఏమిటన్నది ఈ వ్యాసం పరిశీలించే అంశం.

పాత్ర నటుని మించినప్పుడు:
స్థానం నరసింహారావు (1902–1971) ధరించిన ప్రసిద్ధ స్త్రీపాత్రలలో ‘కన్యాశుల్కం’లోని మధురవాణి ఒకటి. ఎదుటివారి మనస్సును గ్రహించి, మాటతోనే వారిని తన దారికి తెచ్చుకొనగల పాత్ర అది. ఆ చాతుర్యాన్ని గురజాడ సంభాషణలలోనే సమకూర్చాడు. నటుడు ఆ సమాధానాన్ని ఆలోచించవలసిన పని లేదు. అప్పుడే స్ఫురించినట్లు పలికితే చాలు. పగటివేషాలలోని సోమయాజులు వేషానికి అవసరమైన పాండిత్య ధోరణి కూడా కళాకారునికి పెద్దల నుండి, వినికిడి ద్వారా సంక్రమిస్తుంది. ఇక్కడ పాత్రకు కావలసిన బుద్ధిని రచన గానీ, సంప్రదాయం గానీ అరువిస్తున్నది.

నటుడు పాత్రను మించినప్పుడు:
సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పల్లెలతో సహా తెలంగాణ అంతటా పరిచితమైన పిట్టలదొర స్థితి ఇందుకు భిన్నం. ఖాకీ దుస్తులు, నెత్తిన టోపీ, భుజాన కట్టెతుపాకి ధరించి, లేని ఆస్తులనూ జరగని శౌర్యాలనూ వర్ణిస్తాడు. ఒక మాటను మరుమాటతోనే ఖండించుకొంటాడు. ఆ సంగతి పాత్రకు తెలియదు, నటునికి తెలుసు. వాక్యం ఎక్కడ తప్పితే నవ్వు పుడుతుందో, ఎదుట ఉన్న ఊరి పెద్దను ఎంతవరకు ఎత్తిపొడవవచ్చునో అతడు అక్కడికక్కడే నిర్ణయించుకోవాలి. కొంత వాచకం పరంపరగా వచ్చినా, ఈ నిర్ణయాన్ని ఏ గ్రంథమూ అరువివ్వదు. తెలివితక్కువతనాన్ని నటించడానికి అధికమైన తెలివి అవసరమవుతున్నది.

పరిశోధనకు సంబంధించిన అంశం:
క్షేత్రపర్యటనలో సేకర్తలు తరచుగా మాటలను మాత్రమే లిఖిస్తారు. విరామం, చూపు, ప్రేక్షకుని జవాబు, దానికి కళాకారుడు మార్చిన వాక్యం వదలివేస్తే, కాగితంపై మిగిలేది అర్థంలేని ప్రేలాపన. ఆపై కళాకారుని ‘నిరక్షరాస్యుడు’ అని పరిచయం చేస్తే, పాత్ర అజ్ఞానాన్ని నటునికి అంటగట్టినట్లవుతుంది. చిందు కళాకారుల విషయంలో సమాజం దీనికి విపర్యయంగా ప్రవర్తించింది: రంగస్థలంపై రాజుగా, దైవంగా నిలిచినవారికి వేషం విప్పిన తరువాత ఆ గౌరవాన్ని నిరాకరించింది. ఒకచోట పాత్ర లోపం నటునికి చేరింది. మరొకచోట పాత్ర గౌరవం చేరలేదు. రెండింటిలోనూ నష్టపోయినది కళాకారుడే.

ముగింపు:
కాబట్టి జానపద ప్రదర్శనల అధ్యయనంలో పాత్ర పలికిన మాటతోపాటు, ఆ మాటను ఎన్నుకొన్న నటుని నిర్ణయాన్ని కూడా నమోదు చేయాలి. పిట్టలదొర ప్రగల్భాలకు కర్త పాత్ర. వాటిలోని వ్యంగ్యానికి కర్త కళాకారుడు. ఈ భేదాన్ని గుర్తించినప్పుడే అతనిని సమాచారదాతగా కాక సృజనకారునిగా పరిగణించగలుగుతాము.