ట్రైబల్ వార్స్: పక్క ఊరి మిత్రుడే మొదటి శత్రువు ఎందుకవుతాడు?

బీటెక్ సెకండ్ ఇయర్‌లో ఒక రాత్రి రెండున్నరకి అలారం పెట్టుకుని లేచాను. ఎగ్జామ్ కోసం కాదు, ట్రైబల్ వార్స్‌లో మూడింటికి నా ఊరి మీద పడబోయే దాడిని చూసుకోవడానికి. పెద్దగా భయం లేదు. పక్కనే ఉన్న మిత్రుడు ఆ ఊళ్ళో తన సైన్యాన్ని కాపలా పెట్టాడు కదా! లాగిన్ అయి చూస్తే ఆ సైన్యం లేదు. వెనక్కి పిలిపించుకున్నాడు. పైగా అతని ఊరి నుంచే నాలుగు కొత్త దాడులు నా వైపు బయల్దేరి ఉన్నాయి. రెండు నెలలు రోజూ చాట్ చేసుకున్న మనిషి! ఐదున్నరకల్లా ఆ ఊరు అతనిదైపోయింది.

అప్పుడు చాలా కోపం వచ్చింది. తర్వాత కూర్చుని లెక్క వేస్తే ఒక విషయం అర్థమైంది. ఆ ద్రోహంలో సగం అతనిదైతే, మిగతా సగం గేమ్ డిజైన్‌లోనే ఉంది. అదెలాగో చూద్దాం.

ముందు గేమ్ బేసిక్స్

ట్రైబల్ వార్స్ 2003లో జర్మనీలో మొదలైన మధ్యయుగపు స్ట్రాటజీ గేమ్. దీన్ని నడిపేది హాంబర్గ్‌లోని ఇన్నోగేమ్స్ కంపెనీ. గ్రాఫిక్స్ హడావిడి ఏమీ ఉండదు, బ్రౌజర్ ఉంటే చాలు. ఒక చిన్న ఊరితో మొదలుపెట్టి, సైన్యం పెంచుకుని, పక్క ఊళ్ళను పట్టుకుంటూ పోవాలి. ఒక్కో సర్వర్‌ని ఒక వరల్డ్ అంటారు. ప్లేయర్స్ కలిసి కట్టుకునే జట్టు పేరు ట్రైబ్.

ఊరిని పట్టుకోవాలంటే నోబుల్‌మ్యాన్ అనే యూనిట్ కావాలి. ప్రతి ఊరికీ 100 లాయల్టీ ఉంటుంది. కాపలా సైన్యాన్ని ఓడించాక, నోబుల్ ఉన్న ఒక్కో దాడి లాయల్టీని 20 నుంచి 35 వరకు తగ్గిస్తుంది. సున్నాకి చేరితే ఊరు చేతులు మారుతుంది. అందుకే మామూలుగా నాలుగు నోబుల్స్‌ని సెకన్ల తేడాతో వెనకాలే పంపుతారు. దాన్నే ట్రెయిన్ అంటారు.

ఒంటరిగా ఎందుకు ఆడలేం?

ఒక ఊళ్ళో ఫార్మ్ ఫుల్ లెవెల్‌కి వెళ్ళినా 24,000 జనాభాకే చోటు. అందులోనే దాడి సైన్యం, కాపలా సైన్యం రెండూ గట్టిగా పెట్టడం కుదరదు. ఏదో ఒకటి ఎంచుకోవాలి. మీ మీదకి నాలుగు ఊళ్ళ సైన్యం వస్తే, మీ ఒక్క ఊరి కాపలా ఆగదు. బయటినుంచి సపోర్ట్ రావాల్సిందే.

ఇక్కడే టైమ్ లెక్క వస్తుంది. స్పీడ్ 1 వరల్డ్‌లో నోబుల్‌కి ఒక గడి దాటడానికి 35 నిమిషాలు పడుతుంది. ఈటె సైనికుడికి 18, హెవీ కావల్రీకి 11. అంటే 10 గళ్ళ దూరం నుంచి బయల్దేరిన ట్రెయిన్ చేరడానికి 5 గంటల 50 నిమిషాలు. అంతే దూరంలో ఉన్న మీ మిత్రుడి ఈటె సైన్యం 3 గంటల్లో వచ్చేస్తుంది. మీరు దాడిని కాస్త లేటుగా గమనించినా సరిపోతుంది. అదే మిత్రుడు 40 గళ్ళ అవతల ఉంటే ఆ సైన్యానికి 12 గంటలు. ఎంత మంచివాడైనా ఆ రాత్రికి పనికిరాడు.

కాబట్టి పనికొచ్చే మిత్రుడు అంటే దగ్గర్లో ఉన్నవాడే. కానీ అతని నోబుల్స్‌కి కూడా మీ ఊరు అంతే దగ్గర! ఏ దూరం అతన్ని మీకు అవసరం చేసిందో, అదే దూరం అతన్ని మీకు ప్రమాదం చేస్తుంది.

ఒప్పందం అంటే ఒక రంగు మాత్రమే

ట్రైబ్స్ మధ్య మూడు రకాల సంబంధాలు పెట్టుకోవచ్చు: మిత్రపక్షం, దాడి చేసుకోమనే ఒప్పందం (ప్లేయర్స్ భాషలో న్యాప్), శత్రువు. ఇవి సెట్ చేస్తే మ్యాప్ మీద ఊళ్ళ రంగు మారుతుంది. మిత్రులు లేత నీలం, న్యాప్ ఊదా, శత్రువులు ఎరుపు. అంతే. లేత నీలం ఊరి మీద దాడి బటన్ నొక్కితే గేమ్ ఆపదు. మీ ఊళ్ళో ఉన్న సపోర్ట్ సైన్యం కూడా పంపినవాడిదే, ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చు. ప్రోగ్రామర్ భాషలో చెప్పాలంటే, ఒప్పందం కోడ్ కాదు, కామెంట్ లైన్. మనుషులు చదువుతారు, కంప్యూటర్ పట్టించుకోదు.

మధ్యలో శత్రువు పోతే?

రెండు ట్రైబ్స్ కలిసి మధ్యలో ఉన్న మూడో ట్రైబ్‌ని కొడుతున్నంత కాలం స్నేహం బాగానే ఉంటుంది. ఆ మూడోది అయిపోయిన రోజు ఇద్దరి సరిహద్దులూ తగులుతాయి. ట్రైబ్‌లో మెంబర్స్‌కి లిమిట్ ఉంటుంది కాబట్టి రెండూ ఒకటైపోలేవు. చాలా వరల్డ్స్‌లో గెలుపు ఒక్క ట్రైబ్‌కే. కౌటిల్యుడి అర్థశాస్త్రంలోని మండల సిద్ధాంతం కూడా ఇదే చెప్తుంది: సరిహద్దు రాజు శత్రువు, అతని అవతలి రాజు మిత్రుడు. మధ్యలోవాడు పోతే అవతలివాడే పక్కవాడవుతాడు.

మా విషయంలో జరిగింది ఇదే. దాడికి ముందు వారంలో మా ఉమ్మడి శత్రువు చివరి ఊరు కూడా పోయింది. మేమంతా పండగ చేసుకున్నాం. మ్యాప్ మాత్రం ఎవరూ చూడలేదు.

మరి ఏం చేయాలి?

అనుమానంతో బతకమని కాదు. ఒక ఊరి కాపలా మొత్తం ఒక్కరి సైన్యం మీద పెట్టకండి, ముగ్గురు నలుగురి నుంచి తీసుకోండి. న్యాప్ రద్దు చేయాలంటే ఎన్ని గంటల ముందు చెప్పాలో మొదట్లోనే మాట్లాడుకోండి. అన్నిటికంటే ముఖ్యంగా, యుద్ధం గెలుస్తున్నప్పుడే ఆ తర్వాత ఎవరు ఎటు వెళ్ళాలో మిత్రులతో తేల్చుకోండి. గెలిచాక అడిగితే ఆలస్యమైనట్టే.

తర్వాతి వరల్డ్‌లో అదే ప్లేయర్ సారీ చెప్పి మెసేజ్ పెట్టాడు. ఇద్దరం ఒకే ట్రైబ్‌లో చేరాం, ఆఖరిదాకా గొడవ లేదు. ఈసారి మా ఊళ్ళ మధ్య 60 గళ్ళ దూరం ఉంది మరి!